సిటీలో టర్బో పెట్రోల్ కారు: నిజంగా లీటరుకు ఎంత వస్తోంది?

నిజాంపేట_నివాసి:
అందరికీ నమస్కారం. నా బండి కాంపాక్ట్ ఎస్‌యూవీ. 1.0 లీటర్ టర్బో పెట్రోల్, మూడు సిలిండర్లు, 7 స్పీడ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). కొని ఎనిమిది నెలలైంది, 6,200 కిలోమీటర్లు తిరిగింది. బ్రోషర్‌లో లీటరుకు 18 పైనే అని ఉంది. అంత వస్తుందని నేనూ అనుకోలేదు, కానీ 14 అయినా వస్తుందనుకున్నాను. ఇప్పుడు చూస్తే పదికి అటూ ఇటూ.

రోజూ నిజాంపేట నుంచి జేఎన్‌టీయూ, హైటెక్ సిటీ, బయోడైవర్సిటీ, గచ్చిబౌలి మీదుగా ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఒకవైపు 19 కి.మీ. పొద్దున 8:45కి బయల్దేరితే గంటా పావు. సాయంత్రమూ అంతే.

వరసగా మూడు ఫుల్ ట్యాంకులు రాసి పెట్టాను:
391 కి.మీ.కి 40.1 లీటర్లు
362 కి.మీ.కి 38.6 లీటర్లు
404 కి.మీ.కి 39.7 లీటర్లు

మొత్తం కలిపితే లీటరుకు 9.77. మీటర్ బోర్డు మాత్రం మూడో ట్యాంకుకు 10.9 అని చూపించింది. సర్వీస్‌లో అడిగితే "రన్నింగ్ పెరిగితే అదే వస్తుంది సార్" అని పంపేశారు. ఎంత రన్నింగ్ అని అడిగితే జవాబు లేదు. ఇంట్లో అందరం ఇష్టపడి కొన్న బండి, బంకుకు వెళ్ళిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటోంది. మీలో టర్బో పెట్రోల్ సిటీలో నడిపేవాళ్ళు అసలు లెక్కలు చెప్పగలరా?

టర్బో_తమ్ముడు:
అన్నా, నాది కూడా అదే సైజు ఇంజన్, కాకపోతే మాన్యువల్. నాకు 15.2 వస్తోంది. మీ బండిలో ఏదో తేడా ఉంది, వదలకుండా గట్టిగా అడగండి.

నిజాంపేట_నివాసి:
తమ్ముడూ, మీ రూటు ఏది?

టర్బో_తమ్ముడు:
మేడ్చల్ దగ్గర ఎక్కి ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద గచ్చిబౌలి ఎగ్జిట్‌లో దిగుతాను. 90 దాటను. దిగాక ఒక నాలుగు కి.మీ. ట్రాఫిక్.

పాతబండి:
అయితే అది సిటీ మైలేజీ కాదు బాబూ, హైవే మైలేజీ. ఓఆర్ఆర్ మీద నడిపేవాళ్ళు ఇక్కడ లెక్క చెబితే అయోమయం తప్ప ఇంకేం ఉండదు.

నా మాట చెబుతాను. నాది పద్నాలుగేళ్ళ నాటి 1.2 లీటర్ హ్యాచ్‌బ్యాక్, టర్బో లేదు, నాలుగు సిలిండర్లు. కేపీహెచ్‌బీ నుంచి మాదాపూర్. ఈ రోజుకీ 13 తగ్గదు. టర్బో వచ్చినప్పటి నుంచి అందరి నోటా ఇదే మాట వింటున్నాను. పికప్ కావాలంటే పెట్రోల్ పోయాల్సిందే. సిటీలో టర్బో దండగ అని నా గట్టి అభిప్రాయం.

లెక్కల_మాస్టారు:
పాతబండి గారూ, మీ అనుభవం నిజమే. కానీ తప్పంతా టర్బోదే అనడం సరికాదు. కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

టర్బో చేసే పని ఒక్కటే. బయటికి పోయే పొగ వేగంతో ఒక చక్రం తిరుగుతుంది, అది లోపలికి వెళ్ళే గాలిని ఒత్తి పంపుతుంది. గాలి ఎక్కువ వెళ్తే దానికి తగ్గట్టు పెట్రోల్ కూడా ఎక్కువ వెళ్ళాలి. అంటే ఆ గాలి ఒత్తిడి (బూస్ట్) ఎక్కినప్పుడు మీ 1.0 లీటర్ ఇంజన్ 1.5 లీటర్ ఇంజన్ లాగా లాగుతుంది, దానిలాగే తాగుతుంది. హ్యుందాయ్ వెన్యూలో వచ్చిన 1.0 టర్బోనే తీసుకోండి. 172 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) 1,500 ఆర్‌పీఎం నుంచే దొరుకుతుంది. టర్బో లేని 1.2 ఇంజన్లు 115 దగ్గర ఆగిపోతాయి. ఆ తేడా గాల్లోంచి రాదు.

మెల్లగా పాకేటప్పుడు బూస్ట్ పెద్దగా ఉండదు. అప్పుడు అది మామూలు చిన్న ఇంజనే, కాకపోతే కాస్త బద్ధకమైన చిన్న ఇంజన్. పెట్రోల్ ముందే అంటుకుని ఇంజన్ టకటకలాడకుండా (దాన్నే నాకింగ్ అంటారు) టర్బో ఇంజన్లకు కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లో గాలిని నొక్కే నిష్పత్తి, కొంచెం తగ్గించి కడతారు. అందువల్ల తక్కువ లోడ్‌లో అది పిండుకునే శక్తి కూడా కొంచెం తక్కువ. పైగా ఈ ఇంజన్లు ఎక్కువగా 1,150 నుంచి 1,250 కిలోల బళ్ళలో ఉంటాయి. మీ హ్యాచ్‌బ్యాక్ వెయ్యి కిలోలు కూడా ఉండదేమో. ప్రతి సిగ్నల్ దగ్గరా సున్నా నుంచి అంత బరువును కదపాలి, మళ్ళీ బ్రేకు తొక్కి ఆ కదలికంతా వేడిగా వదిలేయాలి. టర్బో, బరువు, ట్రాఫిక్ మూడూ కలిసి మీ ఇద్దరి మధ్య తేడా తెచ్చాయి.

ఇక బ్రోషర్ సంగతి. అందులో వేసే ఏఆర్ఏఐ (బళ్ళను పరీక్షించే సంస్థ) అంకె రోడ్డు మీద కొలిచింది కాదు, ల్యాబ్‌లో రోలర్ల మీద కొలిచింది. ఏసీ ఆపేసి, సుమారు 20 నిమిషాలు, పదిన్నర కిలోమీటర్లు. గరిష్ఠ వేగం 90, సగటు గంటకు 32 దగ్గర. నిజాంపేట గారి సగటు వేగం ఎంతో తెలుసా? 19 కి.మీ.కి 75 నిమిషాలు అంటే గంటకు 15. పరీక్షలో సగం కూడా లేదు.

అందుకే నా విన్నపం ఏమిటంటే, మైలేజీ రాసేటప్పుడు పక్కన సగటు వేగం కూడా రాయండి. మీటర్ బోర్డులోనే చూపిస్తుంది. అది లేకుండా 10 వచ్చింది, 15 వచ్చింది అని ఎన్ని చెప్పుకున్నా ఒకరి లెక్క ఇంకొకరికి పనికిరాదు.

టర్బో_తమ్ముడు:
చూశాను మాస్టారూ. నా సగటు 46. ఇప్పుడు అర్థమైంది. అన్నా, మీ బండిలో తేడా ఉందన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

పటమట_టీచర్:
విజయవాడ నుంచి. మాది 1.2 టర్బో పెట్రోల్ మాన్యువల్. ఇంటి నుంచి స్కూలు మూడున్నర కిలోమీటర్లు. ట్రాఫిక్ అంత ఘోరంగా ఏమీ ఉండదు, బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ వచ్చాక ఇంకా నయం. సగటు వేగం 21 చూపిస్తోంది. అయినా నాకు 8.9 వస్తోంది! మాస్టారి లెక్క ప్రకారం నిజాంపేట వారికంటే నాకు ఎక్కువ రావాలి కదా?

లెక్కల_మాస్టారు:
మంచి ప్రశ్న అడిగారు మేడమ్. మీ సమస్య వేరు. మీ ఇంజన్ వేడెక్కేలోపే స్కూలు వచ్చేస్తోంది. చల్లటి ఇంజన్‌కు పెట్రోల్ ఎక్కువ పోయాలి, ఆయిల్ చిక్కగా ఉంటుంది, పైగా సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కడానికి మొదటి నిమిషంలో ఇంజన్ తన ఐడిల్ (బండి నిలబడ్డప్పుడు తిరిగే వేగం) కూడా పెంచుతుంది. పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్ గట్టిగా మోగి, కాసేపటికి సద్దుమణుగుతుంది చూడండి, అదే. మూడున్నర కిలోమీటర్ల ప్రయాణంలో ఎక్కువ భాగం ఆ దశలోనే గడిచిపోతుంది. స్కూల్లో ఆరేడు గంటలు ఉంటే మళ్ళీ చల్లబడుతుంది. మీకు రోజుకు రెండు చల్లటి స్టార్టులు.

పటమట_టీచర్:
అంటే కూరగాయలకు, బ్యాంకుకు విడిగా బండి తీయకుండా స్కూలు నుంచి వచ్చేటప్పుడే అన్నీ చూసుకుంటే నయమన్నమాట. ఇన్నాళ్ళూ ఇంటికొచ్చి టీ తాగి మళ్ళీ వెళ్ళేదాన్ని.

బెజవాడ_మెకానిక్:
అక్కా, అదే చేయండి. ఇంజన్ వేడి మీద ఉన్నప్పుడే పనులన్నీ అయిపోవాలి. పొద్దున స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు నిలబెట్టి వేడి చేయడం కూడా వద్దు. పావు నిమిషం ఆగి మెల్లగా కదిలితే చాలు.

ఆటోనగర్‌లో ఇరవై రెండేళ్ళుగా బళ్ళు చేస్తున్నాను. మైలేజీ రావట్లేదని వచ్చిన ప్రతి బండికీ ముందు నేను చూసేవి రెండే. ఒకటి టైర్లలో గాలి. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, అందులో ఎంత రాశారో అంతే, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టాలి. బంకు కుర్రాడు అందరికీ కళ్ళు మూసుకుని 30 పట్టేస్తాడు. రెండోది బ్రేకు పట్టేయడం. ఒక పది కిలోమీటర్లు వచ్చాక బండి ఆపి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరికి చెయ్యి తీసుకెళ్ళండి. తాకొద్దు, దగ్గరగా పెడితే చాలు. ఎదురెదురు చక్రాల్లో ఒకటి మాత్రం బాగా సెగ కొడుతుంటే అక్కడ క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) వదలట్లేదు. అలాంటి బండి బ్రేకు తొక్కుకుంటూ నడుస్తున్నట్టే. ముందు టైర్ల గురించి చెబుతున్నా, వెనకవి డ్రమ్ములైతే ఈ తేడా అంతగా తెలియదు.

ఆ తర్వాతే ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు. టర్బో బండికి కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే పోయాలి. చిక్కటిది పోస్తే ఇంజన్‌కు బలం అనుకుంటారు, అది తప్పు. బంకుల దగ్గర అమ్మే మైలేజీ సీసాలు మాత్రం దయచేసి పోయకండి. వాటివల్ల మైలేజీ పెరిగిన బండి ఒక్కటి కూడా నా దగ్గరకు రాలేదు.

ఉక్కునగరం:
విశాఖ నుంచి రాస్తున్నాను. గాజువాక, ఎన్ఏడీ మీదుగా మద్దిలపాలెం నా దారి. 1.0 టర్బో, మామూలు టార్క్ కన్వర్టర్ ఆటోమేటిక్. సగటు వేగం 24, మైలేజీ 11.8. ఒకప్పుడు పన్నెండున్నర వచ్చేది. ఎవరూ పెట్రోల్ గురించి మాట్లాడటం లేదేం? ఇప్పుడు బంకుల్లో దొరికేది దాదాపు అంతా ఇ20. అందులో ఐదో వంతు ఇథనాల్. దాని ప్రభావం లేదంటారా?

లెక్కల_మాస్టారు:
ఉందండీ. లీటరుకు లీటరు చూస్తే ఇథనాల్‌లో పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. ఐదో వంతు ఇథనాల్ కలిపితే శుద్ధ పెట్రోల్‌తో పోల్చినప్పుడు లీటరులో శక్తి దాదాపు ఏడు శాతం తగ్గుతుంది. అంతకుముందు మనం వాడింది 10 శాతం కలిపినది కాబట్టి, దాని నుంచి మారినప్పుడు తేడా అందులో సగమే. ఇథనాల్‌కు ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఎక్కువ, సిలిండర్‌లో వేడిని కూడా కొంచెం లాగేస్తుంది. కనుక దానికి తగ్గట్టు ట్యూన్ చేసిన టర్బో ఇంజన్ ప్లగ్గు నిప్పు రవ్వ టైమింగ్ ముందుకు జరుపుకుని కొంత రాబట్టుకోగలదు, పూర్తిగా కాదు. మీ పన్నెండున్నర పన్నెండుకు రావడం వరకు దీని పద్దులో వేయవచ్చు. నిజాంపేట గారు పద్నాలుగు అనుకుంటే పదే రావడం మాత్రం దీనివల్ల కాదు.

డాలస్_బాటసారి:
అమెరికా నుంచి ఒక మాట. ఇక్కడ కారు అద్దం మీద అంటించే ఈపీఏ (ఇక్కడి పర్యావరణ సంస్థ) లేబుల్‌లో సిటీ అంకె, హైవే అంకె విడివిడిగా ఉంటాయి. 2008 మోడళ్ళ నుంచి ఏసీ వేసి వేడిలో ఒక పరీక్ష, గడ్డకట్టే చలిలో ఒకటి, గట్టిగా తొక్కి నడిపేది ఒకటి కూడా కలిపి ఆ అంకె తేలుస్తున్నారు. నేనిక్కడ 1.5 టర్బో నడుపుతాను. లేబుల్ మీద సిటీకి రాసినదానికీ నాకు వచ్చేదానికీ పెద్ద తేడా లేదు. మన దగ్గర కూడా సిటీ అంకె విడిగా వేయాలి. ఒక్క అంకె రాసి వదిలేస్తే కొనేవాడికి న్యాయం జరగదు.

పాతబండి:
ఈ మాటతో నూటికి నూరుపాళ్ళు ఏకీభవిస్తున్నా. ఏసీ ఆపేసి హైదరాబాద్‌లో మే నెలలో ఎవరు నడుపుతారండీ?

నిజాంపేట_నివాసి:
నిన్న నేనూ మా ఆవిడా ఒక పని చేశాం. తనకు గచ్చిబౌలిలో పని ఉండి నాతో వచ్చింది. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని బండి ఆగిన ప్రతిసారీ ఆన్ చేయడం, కదలగానే ఆపడం. జేఎన్‌టీయూ దాటేసరికే ఏడు నిమిషాలు. మైండ్‌స్పేస్ దగ్గర ఒక్కచోటే దాదాపు ఐదు నిమిషాలు కదల్లేదు. ఆఫీసు గేటు దగ్గర ఫోన్ నా ముందు పెట్టింది: 28 నిమిషాల 40 సెకన్లు. తను ఏమీ అనలేదు, నేనే ఆ అంకెను కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. 75 నిమిషాల్లో దాదాపు 29 నిమిషాలు బండి నిలబడే ఉంది.

సాయంత్రం స్నేహితుడి ఓబీడీ పరికరం (ఇంజన్ కంప్యూటర్‌లోని లెక్కలు చూపించేది) పెట్టి చూశాను. ఐడిల్‌లో ఏసీ లేకుండా గంటకు 0.7 లీటర్. ఎండలో నిలబెట్టిన బండిలో ఏసీ వేయగానే 1.2. లోపల చల్లబడ్డాక 1.0కి దిగింది.

లెక్కల_మాస్టారు:
మీ ఇద్దరికీ అభినందనలు. దీంతో లెక్క తేలుతుంది. గంటకు 1.1 అనుకుంటే 29 నిమిషాలకు 0.53 లీటర్. మీ 19 కి.మీ.కి మొత్తం ఖర్చు 1.94 లీటర్లు. అంటే మీరు పోసిన పెట్రోల్‌లో నాలుగో వంతుకు పైగా ఒక్క అడుగు కూడా కదలకుండానే అయిపోతోంది. అది తీసేసి కదిలిన దూరానికే చూస్తే లీటరుకు 13.4. మీ ఇంజన్‌లో లోపం లేదు. ఐడిల్‌లో తాగేది మాత్రం టర్బో ఉన్నా లేకపోయినా పెద్దగా మారదు. పాతబండి గారు ఇదే రూట్లో ఇదే టైముకు వస్తే ఆయన 13 కూడా నిలబడదని నా నమ్మకం.

వైట్‌ఫీల్డ్_వెంబడి:
బెంగళూరులో అనుభవం నాది. ఒకప్పుడు సిల్క్ బోర్డు మీదుగా వెళ్ళేవాణ్ణి, అప్పుడు 8.1 చూశాను. డీసీటీ ఉన్నవాళ్ళకు ఒక సూచన. ముందు బండి అడుగు కదిలితే మనమూ అడుగు కదలకండి. డ్రై క్లచ్ (ఆయిల్‌లో మునగని క్లచ్) డీసీటీలో అలా పాకిన ప్రతిసారీ క్లచ్ సగం పట్టి జారుతుంది, వేడెక్కుతుంది, పెట్రోలూ పోతుంది. ఒక కారు పట్టేంత ఖాళీ వచ్చాక వదిలి, ఫస్ట్ గేరు పూర్తిగా పట్టేలా వెళ్ళి ఆగండి. మధ్యలో ఆటో దూరుతుంది, దూరనివ్వండి. వెనకవాడు హారన్ కొడతాడు. మొదట్లో నాకూ టెన్షన్‌గా ఉండేది, రెండు వారాల్లో అలవాటైంది. లీటరుకు ముప్పావు కిలోమీటర్ దాకా పెరిగింది.

టర్బో_తమ్ముడు:
పల్లంలో న్యూట్రల్ చేస్తే ఇంకా పెరుగుతుంది కదా?

బెజవాడ_మెకానిక్:
వద్దు తమ్ముడూ. గేరులో ఉండి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఈ ఇంజన్లలో ఇంజెక్టర్లు పూర్తిగా మూసుకుంటాయి, బొట్టు పెట్రోల్ పోదు. న్యూట్రల్ చేస్తే ఇంజన్ ఆగిపోకుండా ఐడిల్‌కు పెట్రోల్ పోయాలి. పైగా బ్రేకులమీదే భారం. దూరంలో ఎర్ర లైటు కనిపించగానే కాలు తీసేసి గేరులోనే రానివ్వు, అంతకు మించిన చిట్కా లేదు.

సిగ్నల్ నిమిషం పైన ఉంటే ఇంజన్ ఆపేయొచ్చు. టర్బో బండి ఆపే ముందు నిమిషం ఆగాలి అంటారు కదా, అది హైవేలో గట్టిగా లాగి వచ్చినప్పుడు. సిటీ సిగ్నల్‌లో ఆ భయం అక్కర్లేదు.

కొత్తకారు_ఆలోచన:
అందరికీ నమస్తే. మొత్తం చదివాను. ఎల్బీనగర్ నుంచి హబ్సిగూడ, నెలకు 700 కి.మీ. టర్బో పెట్రోల్ కొనొచ్చా, వద్దా? ఇంట్లో మైలేజీ ముఖ్యం అంటున్నారు.

పాతబండి:
మైలేజీయే ముఖ్యమైతే నేను ఒకటే చెబుతా, టర్బో మీ బండి కాదు. చిన్న నాన్ టర్బో తీసుకోండి.

లెక్కల_మాస్టారు:
నెలకు 700 కి.మీ. అంటే లీటరుకు 10 వచ్చినా 70 లీటర్లు, 13 వచ్చినా 54. తేడా 16 లీటర్లు, లీటరు 107 అనుకుంటే నెలకు పదిహేడు వందలు. ఆ డబ్బు మీకు భారమైతే పాతబండి గారి మాట వినండి. నిలబడ్డప్పుడు ఇంజన్ ఆగిపోయేది కావాలంటే స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌తో పాటు బండిని నడిపే కరెంటు మోటారు కూడా ఉన్నది). టొయోటా హైరైడర్‌కు ఏఆర్ఏఐ అంకె 27.97. రోడ్డు మీద అంత రాకపోయినా, ట్రాఫిక్ పెరిగేకొద్దీ మామూలు బండికి మైలేజీ పడిపోయినట్టు దానికి పడిపోదు. కానీ ధర ఎక్కువ, నెలకు 700 కి.మీ.తో ఆ తేడా రాబట్టడానికి చాలా ఏళ్ళు పడుతుంది. 2024లో వచ్చిన టాటా నెక్సాన్ సీఎన్‌జీ టర్బో ఇంజన్‌తోనే ఉంది, మీ దారిలో సీఎన్‌జీ బంకు ఉంటే చూడండి. నెలకు రెండుసార్లు ఫ్యామిలీతో హైవే ఎక్కుతారా? అప్పుడు మాత్రం టర్బో ఇచ్చే నిబ్బరం వేరు. లారీని దాటేటప్పుడు బండి నిండా మనుషులున్నా అది లాగే తీరుకు విలువ కట్టాలి.

నిజాంపేట_నివాసి:
నాలుగో ట్యాంకు లెక్క పెడుతున్నాను. మెకానిక్ అన్న చెప్పినట్టు పొద్దున చల్లటి టైర్లకు గాలి చూస్తే స్టిక్కర్ మీద 33, నా ముందు టైర్లలో 27, వెనక కుడివైపు 26. మూడు నెలలుగా చూడలేదు. సరిచేశాను. రిమ్ములు నాలుగూ ఒకేలా ఉన్నాయి, బ్రేకు బాధ లేదు. అలాగే ఆఫీసులో అడిగి పొద్దున 7:10కి బయల్దేరి సాయంత్రం నాలుగుకే వచ్చేస్తున్నాను. వెళ్ళడానికి 42 నిమిషాలు, రావడానికి 55.

468 కి.మీ., 37.3 లీటర్లు. 12.55! అదే బంకు, అదే గన్, ఆటో కట్ పడగానే ఆపించాను. పైన ఇంకో వంద రూపాయలకు రౌండ్ చేయనివ్వలేదు.

పటమట_టీచర్:
చాలా సంతోషమండీ!

లెక్కల_మాస్టారు:
సంతోషం. కానీ గాలి, బయల్దేరే టైము రెండూ ఒకేసారి మార్చారు. దేని వాటా ఎంతో ఇప్పుడు చెప్పలేం. కుదిరితే గాలి ఇలాగే ఉంచి, ఒక్క ట్యాంకు పాత టైముకు వెళ్ళి చూడండి.

నిజాంపేట_నివాసి:
చూశాను మాస్టారూ. ఆఫీసులో రివ్యూలు ఉండి ఎలాగూ రెండు వారాలు 8:45కే వెళ్ళాల్సి వచ్చింది. 386 కి.మీ., 37.4 లీటర్లు. 10.32, సగటు వేగం మళ్ళీ 15. అంటే గాలి వల్ల అర కిలోమీటర్, పొద్దున్నే లేవడం వల్ల రెండు పైన. సోమవారం నుంచి పొద్దున షిఫ్ట్ నాకు పర్మనెంట్‌గా ఇచ్చారు. పాతబండి గారూ, మీరూ ఒక్క వారం 8:45కి నా రూట్లో వచ్చి మీ లెక్క ఇక్కడ పెడతారా?

పాతబండి:
పెడతాను. మంగళవారం ఫుల్ ట్యాంక్ చేయిస్తున్నా. బంకు ఎక్కడో చెప్పండి, అక్కడే పోయిస్తా.